నూలుపోగు: సీ భాషలో స్ట్రింగులను కూర్చు విధము

తాటాకులపై గ్రంథములు వ్రాయుచుండిన కాలమున ఒక లేఖకుడుండెననుకొందము. అతడు మిక్కిలి నేర్పరి; దస్తూరి ముత్యములవంటిది. కాని యతనికొక వింతయైన యలవాటు కలదు. పద్యమొకటి వ్రాసిన వెంటనే గంటమును ప్రక్కనబెట్టి, గ్రంథమును మూసి, త్రాడు చుట్టివేయును. రెండవ పద్యము వ్రాయవలసి వచ్చినపుడు త్రాడు విప్పి, మొదటి యాకునుండి యారంభించి, ఒక్కొక్క యాకునే తిరుగవేయుచు, వ్రాత లేని చోటు కనబడువఱకు పోయి, అచ్చట వ్రాయును. మరల మూయును, మరల త్రాడు చుట్టును. పది పద్యముల గ్రంథమైనచో ఈ యలవాటువలన ఎవరికిని నష్టము లేదు. పదివేల పద్యముల గ్రంథమైనచో అతని యాయువు వ్రాతలో గాక ఆకులు తిరుగవేయుటలోనే గడచిపోవును. వ్రాత ముగిసినచోట ఒక నూలుపోగు నుంచిన నీ శ్రమ యంతయు తప్పును గదా యని మీరందురు.

నేటి నా ప్రసంగము ఆ నూలుపోగును గూర్చినదే. లేఖకునకు బదులు గణకయంత్రము. తాటాకులకు బదులు దాని మెమరీ. యంత్రము ఆకులను కన్ను మూసి తెఱచునంతలో లక్షలకొలది తిరుగవేయగలదు గనుక ఈ దోషము చాలకాలము కంటబడదు. కంటబడునప్పటికి గ్రంథము పెద్దదై, పని తొందరదై యుండును.

గణకయంత్రమునకు పని చెప్పుటకు వాడు భాషలలో సీ యనునది యొకటి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ యను శాస్త్రజ్ఞుడు 1972 ప్రాంతమున దీనిని రూపొందించెను. బ్రయన్ కర్నిహాన్, డెనిస్ రిచీ కలిసి 1978లో దీనిని బోధించు పుస్తకమును ప్రకటించిరి. ఏబదియేండ్లు దాటినను ఈ భాష నేటికిని వాడుకలో నున్నది. లినక్సు వ్యవస్థకు గుండెకాయవంటి భాగము ప్రధానముగా ఈ భాషలోనే వ్రాయబడినది. సీ భాష యంత్రమునకు మిక్కిలి చేరువగా నుండునది. యంత్రపు మెమరీ యనగా వరుసగా సంఖ్యలు వేసిన చిన్న గదుల బారు. ఒక్కొక గదిలో ఒక బైటు పట్టును. ఏ గదినుండి యే గదివఱకు ఏమి యుంచవలెనో, ఎన్ని గదులు కావలెనో, పని తీరిన పిమ్మట వానినెప్పుడు విడిచిపెట్టవలెనో, ఇదియంతయు ప్రోగ్రాము వ్రాయువాడే చూచుకొనవలెను. ఇతర భాషలలో నౌకరు చేయు పనిని ఇచ్చట యజమానుడే చేసికొనవలసి యుండును. అందువలన వేగము లభించును. అందువలననే యపాయమును కలుగును.

స్ట్రింగు అను మాటకు దారమని యర్థము. అక్షరములను పూవులవలె వరుసగా గ్రుచ్చిన దండ యని భావింపవచ్చును. గుంటూరు పేరును ఆంగ్ల లిపిలో వ్రాసినచో ఆరక్షరములు. సీ భాషలో దీనికి ఆరు గదులు చాలవు, ఏడు కావలెను. ఏడవ గదిలో సున్న విలువగల బైటొకటి యుండును. దండ యిచ్చటితో ముగిసినదని చెప్పుటయే దాని పని. ఈ దండ పొడవెంత యని యెవరైన నడిగినచో, ఆ సంఖ్య యెచ్చటను వ్రాసియుండదు. మొదటి గదినుండి నడచుచు, సున్న కనబడువఱకు లెక్కించుకొనవలసినదే. ఆ పని చేయుటకు స్టర్‌లెన్ అను ఫంక్షను కలదు. అది ఎంత వేగముగా నడచినను నడకయే గాని వేఱొకటి కాదు.

ఇట్లేల చేసిరని మీకు సందేహము కలుగవచ్చును. సీ భాషకు తాతవంటిది మార్టిన్ రిచర్డ్స్ 1967లో రూపొందించిన బీసీపీఎల్ అను భాష. అందు స్ట్రింగుయొక్క పొడవును మొదటి గదిలోనే వ్రాసియుంచెడివారు. దాని తరువాత కెన్ టాంప్సన్ చేసిన బీ యను భాషలో ఆ పద్ధతిని విడిచి, చివర ఒక గుర్తు నుంచిరి. సీ భాష ఆ యాచారమునే స్వీకరించినది. ఈ మార్పునకు రెండు హేతువులను రిచీయే 1993లో వ్రాసిన చరిత్రలో తెలిపెను. పొడవును ఎనిమిది తొమ్మిది బిట్ల చిన్న గదిలో నుంచినచో దండ పొడవునకు హద్దేర్పడును, ఇది మొదటిది. లెక్కను సర్వదా సరిచూచుకొనుచుండుటకంటె చివరి గుర్తే సౌకర్యముగా తోచినది, ఇది రెండవది. ఆనాటి యంత్రముల కిది తగిన నిర్ణయమే. కాని సౌకర్యమెల్ల నొకనాడు వెల చెల్లింపుమనును.

ఆ వెల యెట్టిదో చూతము. రెండు దండలను కలుపుటకు సీ భాషలో స్టర్‌క్యాట్ అను ఫంక్షను కలదు. మొదటి దండ యెచ్చట నారంభమగునో, దానికి చేర్చవలసినదెచ్చట నారంభమగునో దానికి తెలుపుదుము. అది మొదటి దండ మొదలునుండి నడచి, సున్న నున్నచోటు కనుగొని, అచ్చట రెండవ దండలోని యక్షరముల నొకటొకటిగా వ్రాసి, చివర క్రొత్త సున్న నుంచును. పని ముగిసిన పిమ్మట మనకు దేనిని తిరిగి యిచ్చును? మొదటి దండ ఆరంభస్థానమును. అది మనకు ముందే తెలిసినది. మనమే దానికి చెప్పితిమి. దండ చివర యెచ్చటనున్నదో ఆ క్షణమున దానికి తెలియును. ఆ సంగతి మాత్రము చెప్పక పారవేయును. మన లేఖకుడు గ్రంథమును మూసి త్రాడు చుట్టుట యన్న నిదియే.

ఇప్పుడు కొంచెము లెక్క వేయుదము. పదేసి యక్షరముల పేర్లు నూరు కలవనుకొనుడు. వానిని ఒకదానివెంట నొకటి స్టర్‌క్యాట్‌తో కలిపితిమి. మొదటి పేరునకు నడక లేదు. రెండవదానికి పదడుగులు, మూడవదానికి ఇరువది, నూరవదానికి తొమ్మిదివందల తొంబది. అన్నియు కూడినచో 49,500 అడుగులు. వ్రాసిన యక్షరములు మాత్రము వేయి. ఇంతవఱకు చింత లేదు. యంత్రమున కిది లెక్కలోనిది కాదు. ఇప్పుడు పేర్లు 10,000 అనుకొనుడు. వ్రాయు నక్షరములు 1,00,000. నడక యెంత? 49,99,50,000 అడుగులు, అనగా ఇంచుమించు ఏబది కోట్లు! పేర్లు నూరురెట్లయినవి, నడక పదివేల రెట్లు దాటినది. పేర్లను రెట్టింపు చేసినచో నడక నాలుగు రెట్లగును. పదిరెట్లు చేసినచో నూరురెట్లగును. నేటి యంత్రములు ఒక్కొక బైటునే గాక పదునాఱు, ముప్పదిరెండు బైట్ల నొక్కసారిగా పరికించి సున్నను వెదకగలవు. అందువలన నడక చుఱుకైనదగును గాని పెరుగు తీరు మారదు. నడచు కాలుకు బదులు గుఱ్ఱమెక్కినను, ప్రతిమాఱును ఊరి మొదటినుండి రావలసినదే.

ఈ లెక్క నాకు పుస్తకమువలన గాక అవమానమువలన తెలిసినది. కొన్నియేండ్ల క్రిందట ఒక సంస్థవారికి, వారి సభ్యుల పేర్లను చిరునామాలను ఒక్క పెద్ద స్ట్రింగుగా కూర్చు ప్రోగ్రాము వ్రాసి యిచ్చితిని. పరీక్షకు నూరు పేర్లు తీసికొంటిని. మీట నొక్కిన చేయి తీయకమునుపే పని ముగిసినది. సంతోషించితిని. సంస్థవారు లక్షలకొలది పేర్లుగల తమ పట్టికనంతయు నొసగి యొక ఉదయమున పని ప్రారంభించిరి. భోజనము చేసివచ్చిరి, కాఫీ త్రాగివచ్చిరి, యంత్రము ఇంకను పనిచేయుచునే యుండెను. యంత్రము పాతబడినది గనుక క్రొత్తది కొనవలెనని వారు ధరలు విచారించుచుండగా నేను పోయి చేరితిని. తప్పు యంత్రమునది కాదు, నాది. నేను మార్చినవి కొలది పంక్తులే. అటుపై ఆ పని వారు కుర్చీనుండి లేవకమునుపే ముగిసినది. నా ప్రోగ్రాములో అంతవఱకు తప్పుగా కూర్చిన అక్షరమొక్కటియు లేదు. అది తప్పు చేయలేదు. వ్యర్థముగా నడచినది, అంతే. అట్టి దోషమే కనుగొనుటకు కష్టమైనది.

ఇక నివారణోపాయములు. ఇవి ముఖ్యముగా మూడు.

మొదటిది నూలుపోగు నుంచుట. దండ చివరయెచ్చటనున్నదో మనమే ఒక చిన్న గదిలో వ్రాసియుంచుకొనవలెను. క్రొత్త పేరును చేర్చునపుడు దండ మొదలును గాక ఆ చివరను చూపవలెను. చేర్చిన పిమ్మట పోగును క్రొత్త చివరకు జరుపవలెను. ఈ సౌకర్యమును కలిగించు ఫంక్షను ఒకటి కలదు. దాని పేరు ఎస్‌టీపీకాపీ. ఇది అక్షరములను వ్రాసి, తాను చివర నుంచిన సున్నయొక్క స్థానమును మనకు తిరిగి యిచ్చును. 2008లో వెలువడిన పోసిక్సు ప్రమాణమున దీనికి స్థానము లభించినది. అది యిచ్చినదానిని తదుపరి పేరునకు ఆరంభస్థానముగా చూపినచో నడకయే యుండదు. పై లెక్కలోని ఏబది కోట్ల యడుగులు మాయమై, లక్ష యక్షరముల వ్రాత మాత్రము మిగులును.

రెండవది ముందు కొలిచి పిదప కూర్చుట. ఇంటికి వాసములు తెచ్చువాడు ముందు గోడల నడిమి కొలత తీసికొనును గదా. అట్లే కూర్చవలసిన పేర్లన్నిటి పొడవులను మొదట లెక్కించి కూడవలెను. చివరి సున్నకొఱకు ఒకటి చేర్చవలెను. అన్ని గదులను మాలాక్ అను ఫంక్షనుతో ఒక్కమాఱే యడిగి పుచ్చుకొనవలెను. తరువాత మెమ్‌కాపీతో ఒక్కొక పేరును దాని స్థానమునకు చేర్చవలెను. మెమ్‌కాపీ సున్నకై వెదకదు. ఎన్ని బైట్లు చేర్చవలెనో మనమే చెప్పుదుము గనుక ముద్దలు ముద్దలుగా చేరవేయును. ఇచ్చట నొక జాగ్రత్త కలదు. మొదట కొలిచిన పొడవులను వ్రాసియుంచుకొనవలెను. కొలిచి, కూడి, ఆ పొడవులను మరచి, కూర్చునపుడు మరల కొలుచువారు పలువురు కలరు. అది గ్రంథము మూయుట కాకపోయినను, త్రాడు చుట్టుటవంటిదే. ఈ పద్ధతిలో ప్రత్యక్షరమును రెండుమాఱులు ముట్టుదుము. ఒకమాఱు కొలుచుటకు, ఒకమాఱు చేర్చుటకు. మెమరీని మాత్రము ఒక్కమాఱే, కావలసినంతయే, యడుగుదుము.

మూడవది, పేర్లెన్ని వచ్చునో ముందు తెలియనప్పటి మాట. ఎచ్చటినుండియో ఒకటొకటిగా వచ్చుచుండును. ముందు కొలుచుట కవకాశముండదు. అప్పుడు కొంత స్థలము తీసికొని, చాలనపుడు రీఆలాక్ అను ఫంక్షనుతో పెంచుకొందుము. ప్రక్కగదులు ఖాళీగా లేనిచో రీఆలాక్ వేఱొకచోట పెద్ద స్థలము చూచి, ఉన్న యక్షరములనన్నిటిని అచ్చటికి తరలించును. ప్రతి పేరునకు కావలసిన పది గదులే పెంచుకొనుచు పోయినచో, తరలింపులు పదివేల వఱకు కావచ్చును. కదలించు నక్షరములు మరల ఏబది కోట్లకు చేరవచ్చును. నడకను తప్పించుకొని మూటలు మోయుటలో పడితిమన్నమాట.

దీనికి విరుగుడు రెట్టింపు. స్థలము చాలనపుడెల్ల ఉన్నదానికి రెండింతలు పెంచవలెను. పదునాఱు గదులతో ప్రారంభింతము. అది నిండగా ముప్పదిరెండు; అది నిండగా అఱువదినాలుగు. లక్ష యక్షరములు పట్టవలెనన్న పదుమూడు పెంపులు చాలును. అప్పటికి 1,31,072 గదులగును. ఈ పదుమూడు మాఱులును తరలింపు జరిగినను, మోసిన యక్షరములన్నియు కలిపి 1,31,056 దాటవు. పదహారు, ముప్పదిరెండు మొదలుకొని 65,536 వఱకు కూడిచూడుడు. ఏబది కోట్ల యెదుట లక్షా ముప్పదియొక్కవేలు! చివరకు కొంత స్థలము ఖాళీగా మిగులునన్నది నిజమే. ఆ యొడుదుడుకును ఓర్చుకొనలేనివారు రెండింతలకు బదులు ఒకటిన్నర యింతలు పెంచుదురు. తరలింపులు కొంచెము హెచ్చును గాని తీరు చెడదు. పెంపు ఉన్నదాని ననుసరించి యుండవలెను; నియతమైన సంఖ్య కారాదు. ఇదియే సూత్రము.

ఈ మూడవ పద్ధతిలో నూలుపోగును గూర్చి ఒక సంగతి మరువరాదు. దండ వేఱొకచోటికి తరలినపుడు, చివర యెచ్చటనున్నదని మనము వ్రాసికొన్న గది సంఖ్య పనికిరాదు. అది పాత యింటి చిరునామా. కావున చివరను స్థానముగా గాక, మొదటినుండి యెన్ని గదుల దూరమో ఆ సంఖ్యగా వ్రాసికొనవలెను. ఇల్లు మారినను దూరము మారదు. మఱియు రీఆలాక్ ఒక్కొకప్పుడు స్థలము దొరకలేదని శూన్యమును తిరిగి యిచ్చును. ఆ శూన్యమును తొందరపడి పాత స్థానముపై వ్రాసికొన్నచో, ఉన్న దండ ఎచ్చటనున్నదో తెలియకపోవును. క్రొత్త యింటి తాళపుచెవి చేతికి వచ్చువఱకు పాతదానిని విడువరాదు.

ఇంతవఱకు వేగమును గూర్చి చెప్పితిని. వేగము పోయినచో కాలము పోవును. ఇప్పుడు చెప్పబోవుదాని నేమరినచో అంతకంటె విలువైనవి పోవును. స్టర్‌క్యాట్‌నకు దండ మొదలు చెప్పితిమి గాని, దానికి కేటాయించిన గదులెన్నో చెప్పలేదు. చెప్పుటకు దానియందు వీలు లేదు. స్థలము ముగిసినను అది వ్రాయుచునే పోవును. ప్రక్కగదులలో నెవరిదేమున్నను దానిపైననే వ్రాయును. పొరుగువాని పొలములోనికి నాగలి పోనిచ్చినట్లు.

ఇట్టి దోషమెంత దూరము పోగలదో 1988 నవంబరు 2వ తేదీన లోకమునకు తెలిసినది. అమెరికాలో రాబర్ట్ మారిస్ అను విద్యార్థి విడిచిన ప్రోగ్రాము ఒకటి యంత్రమునుండి యంత్రమునకు తానే ప్రాకుచు ఆనాటి ఇంటర్నెట్టులో సంక్షోభము కలిగించినది. అది వాడుకొన్న ద్వారములలో నొకటి ఫింగర్ అను సేవ. అందు వచ్చిన పంక్తిని ఉంచుటకు 512 బైట్ల స్థలము కేటాయించిరి. దానిని చదువుటకు గెట్స్ అను ఫంక్షనును వాడిరి. గెట్స్‌నకును స్థలమెంతయో చెప్పు వీలు లేదు. వచ్చినవి 536 బైట్లు. హెచ్చయిన యా కొలది బైట్లు ప్రక్కగదులలో పడి, యంత్రము తరువాత చేయవలసిన పనినే మార్చివేసినవి. గెట్స్‌ను సీ భాషా ప్రమాణమునుండి 2011లో తొలగించిరి. స్టర్‌క్యాట్ నేటికిని ఉన్నది. దానిని ఉపయోగింపరాదనుట లేదు. స్థలమెంతయో ముందే లెక్కించినవాడే దానిని ఉపయోగింపవలెను.

స్థలమును చెప్పు వీలుగల ఫంక్షనులును కలవు; కాని వాని స్వభావము నెఱిగి వాడవలెను. స్టర్‌ఎన్‌క్యాట్‌నకు ఒక సంఖ్య నిత్తుము. అది దండకు కేటాయించిన మొత్తము స్థలమని పలువురు పొరబడుదురు. అది క్రొత్తగా చేర్చదగిన యక్షరముల గరిష్ఠసంఖ్య మాత్రమే. దానిపైన సున్నకొఱకు ఇంకొక గది కావలెను. 1998లో ఓపెన్‌బీఎస్‌డీ వ్యవస్థతో టాడ్ మిల్లర్, థియో ది రాట్ అనువారు స్టర్‌ఎల్‌క్యాట్‌ను ప్రవేశపెట్టిరి. దానికి మొత్తము స్థలమునే చెప్పుదుము. స్థలము చాలనిచో ఎంత కావలసియుండెనో అది తెలుపును. గ్నూ సీ గ్రంథాలయములో దీనికి 2023లో చోటు దొరికినది. ఇది సురక్షితమైనదే, కాని దండ చివరకు ఇదియు మొదటినుండియే నడచిపోవును. అనగా పొలము గట్టు దాటదు గాని, నడక తగ్గదు.

1999నాటి సీ ప్రమాణమున ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ అను ఫంక్షను చేరినది. అక్షరములను సంఖ్యలను కలిపి వ్రాయుట కది మిక్కిలి యనువైనది. స్థలమెంతయో చెప్పుదుము, వ్రాయవలసిన మొత్తము పొడవెంతయో అది తిరిగి చెప్పును. వ్రాసినది గాదు; వ్రాయవలసినది. ఈ భేదమును గమనింపక, అది చెప్పిన సంఖ్యను పోగునకు కలుపుకొనుచు పోయినచో, పోగు ఉన్న స్థలమును దాటి బయట పడును. అప్పుడు మొత్తములోనుండి పోగును తీసివేసి మిగిలినదెంతయని చూచినచో, ఋణసంఖ్యను ఎఱుగని ఆ లెక్కలో కోట్లకొలది గదులు మిగిలియున్నట్లు తోచును. దివాలా తీసినవానికి కోటీశ్వరుడని పత్రము వ్రాసి యిచ్చినట్లగును. కావున ప్రతిమాఱును, వచ్చిన సంఖ్య మిగిలిన స్థలముకంటె తక్కువగా నున్నదా యని చూచి, పిదపనే పోగును జరుపవలెను.

తెలుగు వ్రాయువారికి ఈ విషయమున ప్రత్యేకమైన బాధ్యత యొకటి కలదు. నేడు గణకయంత్రములలో తెలుగును ఎక్కువగా యూటీఎఫ్-8 అను పద్ధతిలో నుంచుచున్నారు. దీనిని 1992 సెప్టెంబరులో కెన్ టాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిరి. బీ భాషలో చివరి గుర్తు నుంచిన టాంప్సనే ఇతడు. ఏ లిపిలోని యక్షరమైనను దాని బైట్లలో సున్న రాకుండునట్లు ఇందు ఏర్పాటు చేసిరి. అందువలననే సీ భాషలోని స్ట్రింగులలో తెలుగును నిరాటంకముగా కూర్చుకొనుచున్నాము.

అయితే తెలుగు వ్రాతలో హల్లునకొకటి, గుణింతపు గుర్తునకొకటి, పొల్లునకొకటి చొప్పున సంకేతములు కలవు. ఒక్కొక సంకేతమునకు మూడేసి బైట్లు. తెలుగు అను మాటలో మనము చూచునవి మూడక్షరములు, సంకేతములు ఆరు, బైట్లు పదునెనిమిది, సున్నతో పందొమ్మిది. ఇప్పుడు సుబ్బలక్ష్మి యను పేరును చూడుడు. సంకేతములు పండ్రెండు, బైట్లు ముప్పదియాఱు. ఆంగ్ల నామములను మనసున నుంచుకొని పేరునకు ముప్పదిరెండు గదులు చాలునని యెవరో నిర్ణయించినచో, సున్నకు ఒకటి పోగా ముప్పదియొక్క బైట్లు మిగులును. పది సంకేతములు పట్టును; పదునొకండవదానిలో మూడవవంతు పట్టును. మిగిలినది సుబ్బలక్ష్ అను తునుక, దాని ప్రక్కన అర్థములేని యొక బైటు. ఆ యమ్మ పేరు ఆమె కార్డుపై అట్లే అచ్చగును. స్థలము మీఱలేదు గనుక ప్రోగ్రాము సురక్షితమే. మనిషి పేరు మాత్రము తెగినది. యూటీఎఫ్-8లో సంకేతపు నడిమి బైట్లు 128 మొదలు 191 వఱకు గల విలువలతోనే యుండును గనుక, వానిని గుర్తించి వెనుకకు జరిగి సంకేతపు మొదట కోయవచ్చును. అప్పుడు అర్థములేని బైటు పోవును గాని పేరు పూర్తి కాదు. కోయుటకు నేర్పు వెదకుటకంటె, ముందు కొలిచి తగిన స్థలము నడుగుటయే మర్యాద.

ఇంకొక చిన్న సంగతి. బైట్లను కలిపినంతమాత్రమున తెలుగు మాటలు కంటికి వేర్వేఱుగా నిలువవు. పార్క్ అను మాటకు రోడ్డు అను మాటను ఖాళీ లేక కలిపినచో, పొల్లు క్రింద రకారము చేరి పార్క్రోడ్డు అని కనబడును. మొదటి మాటలోని పొల్లు పొల్లుగనే నిలువవలెనన్న, రెంటి నడుమ కనబడని విభజనసంకేత మొకటి యుంచవలెను. అప్పుడు పార్క్‌రోడ్డు అగును. ఆ కనబడనిదానికిని మూడు బైట్లు కావలెను. కొలతలో దానిని మరచినవారు మూడు గదులు పొరుగువాని పొలములో వ్రాయుదురు.

రెండు మూడు చిన్న దండలను కలుపవలసిన ప్రతిచోటను ఈ యేర్పాట్లన్నియు అవసరమా యని యడుగవచ్చును. అవసరము లేదు. స్థలము చాలునని తెలిసినపుడు స్టర్‌క్యాట్‌తో రెండు మాటలు కలుపుట దోషము కాదు. చదువువానికి తేటగా నుండుటయు నొక గుణమే. పది పద్యముల గ్రంథమునకు పోగు లేకున్నను గడచును. కాని కలుపుట యొక చక్రములో పడి, ఎన్ని మాఱులు తిరుగునో తెలియనపుడు పోగు తప్పక కావలెను. నూరు పేర్లతో పరీక్షించి తృప్తి పడక, పదివేలతో నొకమాఱు, ఇరువదివేలతో నొకమాఱు నడపి చూడుడు. కాలము రెండింతలైనచో మేలు; నాలుగింతలైనచో లేఖకుడు గ్రంథమును మూయుచున్నాడని తెలిసికొనుడు.

నాకిచ్చిన వ్యవధి ముగియవచ్చినది. సీ భాషలోని స్ట్రింగునకు తన పొడవు తెలియదు; తన స్థలమును తెలియదు. ఈ రెంటిని దానికి బదులు మనము జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది జ్ఞాపకమున్నచో కాలము మిగులును; రెండవది జ్ఞాపకమున్నచో పొరుగు పొలము మిగులును. ఇవి రెండును ప్రోగ్రామునకు ఏదో యొక క్షణమున తెలిసినవే. తెలిసినదానిని పారవేసి మరల వెదకుటవలననే నష్టమంతయు కలుగుచున్నది. వ్రాత ముగిసినచోట పోగు నుంచుడు. మిగిలిన యాకులెన్నో చూచుకొని తరువాతి పద్యమునకు గంటము పట్టుడు.